అచ్చిరాని బల్ల

ఇలా మంచం దగ్గరికి జరగండి బిడ్డలూ. ఇంకొంచెం. నా గొంతు ఇప్పుడు గడప దాకా కూడా పోదు. అయినా ఇవి గట్టిగా చెప్పుకునే మాటలు కావు. ఆ టీవీ కట్టెయ్యండి. ఊఁ, ఇప్పుడు బాగుంది.

చేవెళ్ల దవాఖానలో నేను ముప్పై ఏడేళ్లు ఆయాగా పనిచేశానని మీకు తెలుసు. నా చదువు రెండో తరగతి దగ్గరే ఆగింది. సంతకం వస్తుంది, అంతే. కానీ ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఏ నొప్పితో పోయారో అడగండి, ఆ రోజు వాన పడిందో లేదో కూడా కలిపి చెబుతాను. మీ అమ్మ విజయరాణికి, అదే నా మనవరాలికి, ఈ సంగతి తెలుసు. అందుకే ఆ పొద్దు తొమ్మిదింటికి కంప్యూటరు చంకలో పెట్టుకొని నా దగ్గరికి ఉరికొచ్చింది.

అప్పటికి మీరింకా పుట్టలేదు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మొయినాబాద్ రోడ్డు పక్క జొన్నచేలలో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్నారు. మీ అమ్మ నర్సు పని చేస్తూనే ఇంకో చదువులో చేరింది. నర్సులూ డాక్టర్లూ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని కంప్యూటరులో వినే చదువు. తల్లిదండ్రుల రక్తంలో నుంచి పిల్లలకు ఏ జబ్బు ఎలా దిగుతుందో చెప్పేది. పాఠం చెప్పే మేడమ్ బెంగుళూరులో ఉండేది. అనంతపురం ఆడబిడ్డ. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి జారేది.

"అవ్వా, జర ఒక ఇంటి ముచ్చట చెప్పు. మూడు తరాలు కావాలె. ఆ ఇంట్ల మల్ల మల్ల వచ్చేది ఏదన్న ఉండాలె. పదింటికి క్లాసున్నది, నేనింక వంశం బొమ్మనే గియ్యలె" అంది.

"వారం సంది ఏం జేసినవే?"

"డ్యూటీలు జేసిన. చెప్పు అవ్వా, తిట్లు తర్వాత."

నాకు వెంటనే షావుకారి వీరేశం ఇల్లే మనసులోకి వచ్చింది. ఎందుకంటే ఆ పొద్దున ఉప్పుకని వెళితే వాళ్ల కిరాణా దుకాణం మూసి ఉంది. వీరేశం కూతురు సాయిప్రియకు రాత్రి నుంచి కడుపునొప్పి అట, మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారట. ఆ మాట విన్నప్పటి నుంచి నా గుండెలో ఏదో గీరుతూ ఉంది. కడుపునొప్పంటే కోత పెడతారేమో. కోతంటే ఆ పిల్లను బల్ల మీద పడుకోబెడతారు.

"షావుకార్ల ఇల్లు రాసుకో" అన్నాను.

"ఆళ్లకేం రోగం?"

"రోగం కాదు బిడ్డా. ఆళ్లకు ఆపరేషన్ బల్ల అచ్చిరాదు."

మీ అమ్మ పగలబడి నవ్వింది. "అచ్చిరాకపోవుడు రోగమా అవ్వా? ఒగలకు బూడిద గుమ్మడి అచ్చిరాదు, ఒగలకు నల్లకోడి అచ్చిరాదు. గివన్ని రాస్తె మేడమ్ నన్ను క్లాసులకెల్లి ఎల్లగొడ్తది."

"నవ్వితె నవ్వుదువు గని, ముందు ఇను."

వీరేశానికి మేనత్త ఉండేది, కౌసల్యమ్మ. తెల్లటి మనిషి, ముక్కుకు ఎర్రరాయి. నాకప్పుడు పాతికేళ్లు. ఆమె కడుపులో గడ్డ లేచిందని మా దవాఖానలోనే కోశారు. కోత బాగానే అయింది, కుట్లు వేశారు. కానీ మనిషి ఊపిరి తీయలేదు. గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, ఊపిరి మాత్రం లేదు. డాక్టరమ్మ రబ్బరు బుడ్డ నా చేతిలో పెట్టి పిసకమంది. నేను పిసికితే ఆమె ఛాతీ లేస్తుంది. ఆపితే ఆగిపోతుంది. నాలుగు గంటలు బిడ్డలూ! ఆమె ఊపిరి ఆమె దగ్గర లేదు, నా గుప్పిట్లో ఉంది.

బంధువులకు ఆశ పోయింది. ఆమె తల దగ్గరే నిలబడి ఒకరు వెదురు ఎవరు తెస్తారన్నారు. ఒకరు ముక్కుపుడక ఇప్పుడే తీయండి, తర్వాత రాదన్నారు. ఆమె అత్తగారైతే కొడుక్కు మారు మనువు సంగతి కూడా ఎత్తింది. నేను పిసుకుతూనే ఉన్నాను. పొద్దు వాలే వేళకు కౌసల్యమ్మ కళ్లు తెరిచింది. నీళ్లడగలేదు. అత్తగారి వైపు తిరిగి, "పిల్ల ఏ ఊరు అత్తమ్మా? శంకరపల్లి అన్నవు గద" అంది.

ఆమె అన్నీ విన్నది. ఒక్క మాట పోకుండా విన్నది.

ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు నా చెయ్యి పట్టుకొని చెప్పింది: "ధనమ్మా, నేను లోపలనే ఉన్న. రెప్ప లేపుదమంటె ఆ రెప్ప నాది కాదు. అరుద్దమంటె ఆ నోరు నాది కాదు. నీ చెయ్యి జర ఆలిస్యమైతె చాలు, నేను మునిగిపోతున్న."

ఇంట్లో వాళ్లు ఏమన్నారో తెలుసా? పోయిన కౌసల్య వేరు, తిరిగొచ్చిన కౌసల్య వేరన్నారు. గడప దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, పలికాకే లోపలికి రానిచ్చారు. చిన్నపిల్లలను ఆమె పక్కన పడుకోనివ్వలేదు.

తర్వాత తొమ్మిదేళ్లకు ఆమె తమ్ముడు రాజేశం, అంటే వీరేశం తండ్రి, గిలక కోత కోసం పట్నం పోయాడు. గజ్జల్లో పేగు జారితే పెట్టే చిన్న కోత. బతికి రాలేదు. గుండె ఆగిందన్నారు. శవాన్ని వాకిట్లో దించితే కౌసల్యమ్మ అడ్డం పడుకుంది. "లేపకుండ్రి. పొద్దుమూకేదాకా ఆగుండ్రి. వాడు వింటున్నడు" అని అరిచింది. ఎవరు వింటారు? పక్కకు లాగి, ఎత్తుకుపోయారు. నేను ఆ పాడె వెనుక నడిచాను. ఆ రోజు చినుకు కూడా పడలేదు. డాక్టర్లు చూసే చెప్పి ఉంటారని నాకు నేనే చెప్పుకుంటాను. అయినా పాడె కదిలిన ప్రతిసారీ ఆ ముఖం వైపే చూశాను.

నవ్విన మీ అమ్మ అప్పటికి నవ్వడం మరిచిపోయింది. గబగబా కంప్యూటరులో గీయడం మొదలుపెట్టింది. మగవాడికి చదరం, ఆడదానికి గుండ్రం. పోయినవాళ్ల మీద అడ్డగీత. బల్ల అచ్చిరాని వాళ్లకు నల్లరంగు. కౌసల్యమ్మ నల్లగుండ్రం, రాజేశం నల్లచదరం. కౌసల్యమ్మ కూతురు శారదాదేవి. రాజేశం కొడుకు వీరేశం. మేనరికం కదా, వాళ్లిద్దరికీ పెళ్లి చేశారు. మేనరికానికి రెండు గీతలట. ఆ రెండు గీతల కింద గిరీష్ చదరం, సాయిప్రియ గుండ్రం. ఆ రెండింటిలో ఏ రంగూ లేదు. నేను చూస్తూ ఉంటే అవి రెండూ తెరిచిపెట్టిన నోళ్లలాగా కనిపించాయి.

పది అయింది. మేడమ్ ముఖం తెర మీదికి వచ్చింది. మా చేవెళ్లలో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, ముఖం బిగుసుకుపోయింది. పెదవులు తెరిచి తెరిచినట్టే ఉన్నాయి, రెప్ప కదలడం లేదు, మాట మాత్రం వస్తూనే ఉంది. కదలని నోట్లో నుంచి మాట వింటుంటే నాకు కౌసల్యమ్మే గుర్తొచ్చింది. మీ అమ్మ బొమ్మ చూపించి ఆ ఇంటి కథ చెబితే, పాఠం వింటున్న ఎవరో డాక్టరు, "మత్తు ఎక్కువ ఇచ్చి ఉంటారు, అంతే" అన్నాడు.

"ఒకరికైతే అలా అనుకోవచ్చు. అక్కకూ తమ్ముడికీ కూడానా?" అంది మేడమ్. "కోత పెట్టేముందు ఒళ్లు వదులు కావడానికి ఒక మందు ఇస్తారు. మనలో చాలామందికి అది అయిదారు నిమిషాల్లో పోతుంది. దాన్ని కోసే కొడవలి ఒంట్లోనే ఉంటుంది. తల్లి ఒకటి ఇస్తుంది, తండ్రి ఒకటి ఇస్తాడు. ఒకటి మొద్దుబారినా రెండోది కోసేస్తుంది. రెండూ మొద్దువే వస్తే ఆ మందు గంటల తరబడి ఒంట్లో నిలబడుతుంది. అంతసేపూ మనిషి కదలలేడు, ఊపిరి తీయలేడు. మత్తు దిగిపోతే మాత్రం అన్నీ వింటాడు."

నలభై ఏళ్లు నేను దయ్యమో దేవుడో అనుకున్నది కొడవలా!

"శారదాదేవికి వాళ్లమ్మ నుంచి ఒక మొద్దు కొడవలి వచ్చి తీరాలి. వీరేశం గారికి వాళ్ల నాన్న నుంచి వచ్చి తీరాలి. విజయరాణీ, మరి కింది వరుసలో ఉన్న ఈ ఇద్దరూ ఎక్కడున్నారు?"

మీ అమ్మ నోరు తెరిచేలోపే నేను కంప్యూటరు మీదికి వంగి అరిచాను. "ఆ గుండ్రం పిల్ల ఇప్పుడు మొయినాబాద్ దవాఖానల ఉన్నదమ్మా!"

మీ అమ్మ శారదాదేవికి ఫోన్ కలిపింది. అవతలి నుంచి ఏడుపు గొంతు. "అపెండిసు అంట రాణీ. లోపలికి తీస్కపోయి గంటయితున్నది."

"ఏ మందన్న పడదా అని అడిగిన్రా అమ్మా?"

"అడిగిన్రు. అన్ని పడ్తయన్నం. పెన్సిలిన్ గూడ పడ్తది దానికి."

"కౌసల్యమ్మ సంగతి చెప్పిన్రా?"

"అది పడకపోవుడు ఎట్లయితది? అది అచ్చిరాకపోవుడు. పిల్ల బల్లెక్కుతుంటె ఎవరన్న ఆ మాట నోట్లెకెల్లి తీస్తరా?"

చూశారా బిడ్డలూ! డాక్టరు అడిగిన మాట వేరు, వీళ్ల ఇంట్లో ఉన్న మాట వేరు. ఆమె అబద్ధం చెప్పలేదు.

మందు అప్పటికే ఎక్కించి ఉంటారని మీ అమ్మ పాఠం అలాగే వదిలేసి స్కూటీ తీసింది. నేను చీర దోపుకొని వెనుక ఎక్కాను. అంత వేగం నేను బతుకులో ఎరగను. మొయినాబాద్ చేరేసరికి ఆ దవాఖాన వరండాలో శారదాదేవి గోడకు ఆనుకొని కూలబడి ఉంది. వీరేశం నెత్తి కొట్టుకుంటున్నాడు. కోత అయిపోయి చాలాసేపైంది, పిల్ల మాత్రం లేవలేదు.

అక్కడ పనిచేసే నర్సు మేరీ మీ అమ్మతో కలిసి చదువుకుంది. తలకు టోపీలు పెట్టి మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. లోపల మత్తు డాక్టరు చిన్నవాడు, చొక్కా తడిసిపోయి ఉంది. చేతిలో అదే బుడ్డ. నల్లది. పిసుకుతున్నాడు. పెద్ద డాక్టరు పట్నం పంపిద్దాం, అంబులెన్సు పిలవండి అంటున్నాడు.

"ఇప్పుడు కదిలించకుండ్రి సార్" అని మీ అమ్మ అడ్డం నిలబడింది. వాళ్లింటి కథ నాలుగు ముక్కల్లో చెప్పింది. ఫోన్‌లో మేడమ్‌ను కలిపి ఆ చిన్న డాక్టరు చెవి దగ్గర పెట్టింది. అతను వింటూ తల ఊపుతున్నాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. 

నేను పిల్ల ముఖం చూశాను. రెప్పల మీద ప్లాస్టరు పట్టీలు అతికించి ఉన్నాయి. ఆ పట్టీ కింది నుంచి ఒక నీటిచుక్క ఊరింది. కణత మీదుగా మెల్లగా పాకి చెవిలోకి దిగింది.

"డాక్టర్ సాబ్, పిల్ల మెలకువల ఉన్నది" అన్నాను.

అతను చూశాడు. "సిస్టర్, నిద్రమందు మళ్లీ ఎక్కించండి, వెంటనే!" అన్నాడు.

నిద్ర పట్టేలోపు ఆ కాసేపు ఉంది కదా, అదే నాకు భయం. బయట వీరేశం చెల్లెలు అప్పుడే శోకాలు మొదలుపెట్టింది. తలుపు తీసి అరిచాను. "నోర్ముయ్యుండ్రి! పిల్ల వింటున్నది!" ఒక్కసారిగా వరండా అంతా చప్పుడు లేకుండా పోయింది.

తిరిగి వచ్చి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టాను. "బిడ్డా సాయిప్రియా, నేను చేవెళ్ల ధనమ్మను. నువ్వు చచ్చిపోలె. మందు దిగలె, గంతే. మీ అమ్మమ్మకు గూడ గిట్లనే అయింది, లేచి కూసున్నది. నువ్వు గూడ లేస్తవు. ఫికర్ జెయ్యకు. ఊపిరి సంగతి ఈ సారు చూస్కుంటడు, నువ్వు పండుకో." అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాను. కన్నీళ్లు ఆగేదాకా చెప్పాను. ఆగాక కూడా ఆపలేదు, ఎందుకంటే లోపల ఏ మూల మెలకువ మిగిలి ఉందో ఎవరికి తెలుసు?

ఊపిరి మిషన్ పెట్టారు. నాలుగున్నరకు ఎడమచేతి చిటికెన వేలు కదిలింది. అయిదింటికి తనంతట తాను ఒక ఊపిరి తీసింది. ఆ చిన్న డాక్టరు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత రక్తం పరీక్షకు పంపారు. సాయిప్రియకు రెండు కొడవళ్లూ మొద్దువే. గిరీష్‌కు ఒకటి మంచిది ఉంది, బతికిపోయాడు. సాయిప్రియకు ఒక కార్డు రాసిచ్చారు, ఫలానా మందు ఈ మనిషికి పడదు అని. శారదాదేవి ఆ కార్డు చదివి, "ఎన్నేండ్లు మా అమ్మను దయ్యమన్నం ధనమ్మా" అని చాలాసేపు ఏడ్చింది. కౌసల్యమ్మ అప్పటికే పోయి ఎనిమిదేళ్లు.

సాయిప్రియ ఆ కాసేపట్లో ఏం విన్నదో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు. ఇప్పటికీ నన్ను చూడడానికి వస్తే మంచం పక్కన కూర్చుంటుంది, నవ్వుతుంది. నేను మాట్లాడుతుంటే మాత్రం కళ్లు మూసుకొని వింటుంది.

ఆమె కూతురు భవిత మీ బడిలోనే చదువుతోంది కదా. ఆ పిల్లకు తల్లి నుంచి ఒక మొద్దు కొడవలి వచ్చే ఉంటుంది. తండ్రి నుంచి వచ్చిన రెండోది ఎలాంటిదో ఇంకా ఎవరూ చూడలేదు. సాయిప్రియ తన నోటితో ఆ రోజు సంగతి చెప్పుకోలేదు, నేను భవిత పెద్దదయ్యేదాకా ఉండను. అందుకే మిమ్మల్ని దగ్గరికి పిలిచాను. ఆ పిల్లకు తెలివి వచ్చాక పక్కన కూర్చోబెట్టుకొని, నేను చెప్పినట్టే, ఎవరి పేరూ మరిచిపోకుండా చెప్పండి. ఏదీ, కౌసల్యమ్మ తమ్ముడి పేరేమిటి? ఒకసారి మీరు చెప్పండి, నేను వింటాను.