చేదు లేని గోలీలు

జనగామలో నిరంజన్ సేటు మందుల దుకాణమంటే చుట్టుపక్కల ఊళ్లకు ఎంత నమ్మకమో చెప్పలేం. ఆ నమ్మకమే యాకమ్మ కొంప ముంచింది.

అది రజాకార్ల కాలం. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎల్లస్వామి వాళ్లను ఎదిరించే సంఘంలో కలిసి గంగారం అడవిలో తలదాచుకున్నాడు. అక్కడ చలిజ్వరం పట్టుకుంది. యాకమ్మ మంత్రసాని, ఏ ఊరికి పోయినా ఎక్కడికని ఆపి అడిగేవాడు లేడు. కాళ్ల కడియాలు సేటు చేతిలో పెట్టి క్వినైన్ గోలీలు తెచ్చి, తానే అడవికి మోసుకుపోయింది. ఒకటి నోట్లో వేసుకుని కొడుకు నవ్వాడు.

"అవ్వా, చేదుగ లేవే."

"సేటు మంచి సరుకిచ్చిండు బిడ్డా," అని మురిసిపోయింది పిచ్చితల్లి. చేదు లేకపోతే అది క్వినైనే కాదని ఆమెకెవరు చెప్పారు కనుక? అవి సుద్దాపిండీ కలిపిన బిళ్లలని తెలిసేసరికి కొడుకును మట్టి చేయడం కూడా అయిపోయింది.

"వాని ఇంట్ల దీపమారిపోవాలె," అని పొద్దున లేస్తే అదే మొక్కు.

ఆ మరుసటేడు ఆ ఇంటి నుంచే కబురొచ్చింది. సేటు కోడలు అనసూయకు నొప్పులు. మునుపు కన్న ఇద్దరూ జ్వరాలొచ్చి పోయారు. కడియాలిచ్చిన ముసలిది సేటుకు గుర్తే లేదు. వాడికి గుర్తుండటానికి ఆమె ఎవరు గనుక!

బిడ్డ మెడకు పేగు చుట్టుకుని వచ్చాడు. జర చెయ్యి ఆపితే చాలు, మొక్కు తీరుతుంది. యాకమ్మ చెయ్యి ఆగింది కూడా. అంతలో అనసూయ ఆమె కొంగు పట్టుకుంది.

"అవ్వా, వీడన్న దక్కాలె."

యాకమ్మ తనను తాను తిట్టుకుని పేగు తప్పించింది. పిల్లవాడు కేరుమన్నాడు. వదిలింది పసివాణ్ని మాత్రమే, వాడి తాతను కాదు.

పిల్లలు నిలవని ఇళ్లలో ఒక ఆచారముంది. పురుడు నాడు బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. మంత్రసాని ఎత్తుకుంటే బిడ్డ ఆమెదవుతాడు. ఇంటిపెద్ద దోసెడు నూకలిచ్చి మళ్లీ కొనుక్కోవాలి. వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా సేటు నూకలతో వచ్చాడు.

"పోరన్ని మాకు అమ్మవ్వ."

"ఎందుకమ్మాలె?"

"మా ఇంట్ల పిల్లలు నిలుస్తలేరు."

ఇక్కడ మంత్రసాని "తీస్కపో" అనాలి. యాకమ్మ అనలేదు.

"ఎందుకు నిలుస్తలేరు?"

"దేవుని దయ లేక."

"దేవుని మీదికి నూకకు. పెంట మీద అబద్ధమాడితే పోరడు దక్కడు. నేను ఎల్లస్వామి తల్లిని. అడవిల ఉన్న నా కొడుక్కు నువ్వమ్మిన గోలీలల్ల ఏమున్నది?"

సేటు చుట్టూ ఉన్న ఆడవాళ్ల వైపు చూశాడు. "లోపటికి రా, మాట్లాడుకుందాం," అని గొణిగాడు.

"ఈడనే చెప్పు."

బిడ్డ ఆమె చేతుల్లో ఉన్నాడు. చెప్పక చస్తాడా?

"సుద్ద," అన్నాడు చివరకు. "పిండి. అసలు సరుకు దొరకక, అందరమ్ముతుండ్రని నేనూ అమ్మిన."

యాకమ్మ కడుపులో మంట చల్లబడింది. దాచేదేముంది, హాయిగా కూడా అనిపించింది. నూకలు కొంగులో పోయించుకుని బిడ్డను సేటు చేతికిచ్చింది.

అప్పుడు గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డ అనసూయ గొంతు వినిపించింది.

"మామా, నా పెద్దోనికి జరమొచ్చినప్పుడు ఏ సీసల గోలీలిచ్చినవ్?"

"అసలువే బిడ్డా. ఒట్టు."

అనసూయ గడప దిగింది. మెల్లగా వచ్చి ఆయన చేతుల్లోంచి బిడ్డను తీసుకుని యాకమ్మ వైపు తిరిగింది.

"ఆ నూకలు ఆయినవి ఆయినకే పొయ్యవ్వ. పోరన్ని తీస్కొని నీ ఎంట నేనూ వస్త."

యాకమ్మ కొంగు విప్పి నూకలన్నీ సేటు కాళ్ల ముందు పోసింది.