కరదీపిక కడుపుమంట

నేను ఒక కరదీపికను. పాత కోటలనూ మెట్ల బావులనూ కాపాడే సమితి ఒకటి ఏటేటా తన సభ్యులకిచ్చే పుస్తకాన్ని. ఏ కట్టడానికి ఏ దారిన వెళ్ళాలి, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఎక్కడ కాలు పెట్టకూడదు, అన్నీ నాలో ఉంటాయి. అనంతపురంలో ఒక ప్రెస్సులో పుట్టాను. నునుపైన అట్ట, రంగుల పటాలు. కాస్త మిడిసిపాటు ఉండేదని ఒప్పుకుంటాను.

సమితిలో ఒక పద్ధతి ఉంది. పాత పుస్తకం అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు. పాత వివరాలు నమ్ముకుని వెళితే కాళ్ళు విరుగుతాయని వాళ్ళ భయం. నాకోసం వచ్చిన సుభాషిణి గారు, రిటైరైన సోషల్ టీచరు, పాతది బస్సులో పోయిందని చెప్పి సంతకం పెట్టారు. తీరా ఇంటికి వెళితే అది బల్ల మీద దర్జాగా కూర్చుని ఉంది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు నిజం చెప్పమని నేర్పిన మనిషి ఈవిడే!

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ ఇంట్లో సామెత తిరగబడింది. మూలలు నలిగి, టీ మరకలు పడ్డ ఆ నిరుటి పుస్తకమే ఆవిడకు ప్రాణం. దాని అంచుల నిండా నీలి సిరాతో హలీమా టీచర్ రాతలున్నాయి. ఇద్దరూ ఒకే బడిలో పనిచేశారు, ఆదివారమైతే కలిసి ఊళ్ళు తిరిగారు. వానలకు ముందు హలీమా పోయింది. నేను వచ్చాక కూడా రోజూ సాయంత్రం ఈవిడ దాన్ని నా పక్కనే తెరిచి పెట్టుకుని ఒక్కో పేజీ చదువుకునేది. నన్ను మాత్రం ఒక్కసారీ విప్పలేదు. సవతిని చూసినట్టు చూశాను దాన్ని. దానికి చెదలు పట్టాలని కోరుకున్నాను.

ఒక ఆదివారం ఎర్రబావికి బయలుదేరాం. అది చేతిలో, నేను సంచిలో. పడమటి మెట్లు దిగి మూడో అరుగు మీద కూర్చుంటే చల్లగా ఉంటుందని అందులో హలీమా రాసింది. ఆ మెట్లు ఈ వానలకు కదిలాయి, తూర్పు వైపు నుంచే దిగాలని నా నలభై ఏడో పేజీ చెబుతోంది. కావలి ఓబులేసు అడ్డం వేసిన ముళ్ళకంపను గొర్రెలవాళ్ళు లాగేశారు. ఆవిడ పడమటికే నడిచింది. అయ్యో అనుకోవాల్సింది పోయి, ఇప్పుడు తెలుస్తుంది నా విలువ అనుకున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

రెండో మెట్టు కదిలింది. ఆవిడ జారి అరుగు మీద కూలబడింది. మోకాలు చెక్కుకుపోయింది. పాత పుస్తకం నీళ్ళలో పడింది. ఓబులేసు పరుగున వచ్చి లేపాడు.

"కొత్త పుస్తకంలో రాసినారంట గదా మేడం, ఇట్ల దిగొద్దని?"

"రాసినారేమో ఓబులేసూ. నేను పాతది చూసుకోని వచ్చినా."

అతను బకెట్ వేసి దాన్ని పైకి తీశాడు. సిరా అంతా కరిగిపోయింది. ఆవిడ ఆ తడి కాగితాలు ఒక్కొక్కటే విడదీసి చూసి, చివరికి మూసేసింది.

అప్పుడు నన్ను తీసింది. నా రోజు వచ్చిందని పొంగిపోయాను. నలభై ఏడో పేజీలో హెచ్చరిక చదివి, దాని పక్కనే పెన్నుతో రాసింది: "మూడో అరుగు చల్లగా ఉంటుంది. హలీమా." ఒళ్ళు మండింది నాకు. నా ఒంటి మీద కూడా ఆ హలీమాయేనా!

ఆ అరుగు మీదే కూర్చుని గుర్తున్నవన్నీ రాస్తూ పోయింది. అరవై రెండో పేజీలో, కొండ మీది కోట దగ్గర, "ఇక్కడ హలీమా" అని రాసి ఆగిపోయింది. ఎంత ఆలోచించినా తక్కినది రాలేదు. పెన్ను పట్టుకునే ఏడ్చింది.

నాకు తెలుసు. రోజూ సాయంత్రం పక్కన పడి, కుళ్ళుకుంటూ దాని ప్రతి అక్షరం చదివాను. "ఇక్కడ సుభాషిణి పాట పాడింది. శ్రుతి లేదు. మళ్ళీ పాడమన్నాను." పొల్లు పోకుండా నాకు వచ్చు. చెప్పడానికి నోరే లేదు.