కటౌటుకు బొట్టు

భారతి భయపడడానికి పెద్ద కారణమేమీ అక్కరలేదు. కొడుకు రెండుసార్లు తుమ్మితే జ్వరమంటుంది. మూడోసారి తుమ్మకపోతే ఊపిరి ఆడుతున్నదో లేదోనని ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. ఎనిమిదో తరగతి సగంలో బడి మాన్పించి పెండ్లి చేసినప్పుడు లెక్కల పుస్తకంతో పాటు ధైర్యాన్ని కూడా బడిలోనే మరిచి వచ్చిందని ఆమె మొగుడు యాకయ్య నలుగురిలో అంటుంటాడు. ఆమె మూతి ముడుచుకుంటుందే కాని కాదనదు.

ఈసారి మాత్రం ఆమె భయానికి కారణం ఉంది. పోయిన వానాకాలం రెండేళ్ల కొడుకు సమ్మయ్యకు జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. దవాఖాన వరండాలో నేల మీద కూలబడి, పిల్లవాడు కళ్లు తెరిస్తే చాలు, వాడి ఎత్తు బెల్లం తూచి నీ గద్దె దగ్గర పెడతానని మేడారం సమ్మక్కకు మొక్కుకుంది. తెల్లారేసరికి వాడు కళ్లు తెరిచి పాలకు ఏడ్చాడు. సమ్మక్క తల్లి తన మాట నిలబెట్టుకుంది. ఇక భారతి వంతు మిగిలింది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఇప్పుడు తప్పిపోతే మళ్లీ రెండేళ్లు, ప్రతి తుమ్ముకూ గుండె పట్టుకుని కూర్చోవాలి.

యాకయ్య వకీలు రాజేశ్వర్ రావు గారి అంబాసిడర్ నడుపుతాడు. వకీలు గారు మంచి మనిషి. గురువారం పొద్దున తీసుకుపోయి శుక్రవారం సాయంత్రానికి తెచ్చి పెట్టమని కారు ఇచ్చారు. ఆ మాట విన్న రోజు భారతి కడుపు నిండా తిన్నది. సోమవారం నాడు కారు ముందర గడియారాల పక్కనుండే ఎర్ర బుగ్గ, చిన్న బల్బు, వెలిగింది. ఇంజను నడుస్తున్నా ఆరలేదు. బ్యాటరీకి కరెంటు ఎక్కడం లేదని దానర్థం.

కాశిబుగ్గలో వాళ్ల ఇంటి ఎదురుగానే మెకానిక్ కృపానందం షెడ్డు ఉంది. ఆయన బానెట్ ఎత్తి లోపలి గోడకు బిగించి ఉన్న నల్ల డబ్బా మూత తీశాడు. భారతి పిల్లవాణ్ణి చంకనేసుకుని గడపలో నుంచే తొంగి చూసింది.

"రా చెల్లె, దగ్గరికొచ్చి చూడు. నువ్వు చూడనిదే ఏ రోగం తగ్గుతది?" అన్నాడు కృపానందం.

"అదేందన్నా?"

"కటౌట్ అంటరు. డైనమో ఎంత కరెంటు పుట్టియ్యాలె, బ్యాటరీకి ఎప్పుడు పంపాలె, అన్నీ ఇదే చెప్తది. మీ ఇంట్ల మీ అత్త లెక్క." తల వెనక్కి తిప్పి అరుగు మీద కూర్చున్న కట్టమ్మ వైపు చూశాడు. ఆమె విననట్టు వక్కలు కత్తిరించుకుంటున్నది. "ఇగో, ఈ బిళ్లలు కలవాలె, విడవాలె, మళ్ల కలవాలె. అలిగిన మొగుడు పెండ్లాల తీరు మాడిపోయి ఎడమొహం పెడమొహమైనయి. పైన చూస్తె డబ్బా నిగనిగలాడతాంది. రోగం లోపలుంది."

"బాగైతదా?"

"కొత్తది తేవాలె. హైదరాబాద్ల దొరుకుతది."

బుధవారం సాయంత్రం బస్సులో కొత్త కటౌట్ వచ్చింది. యాకయ్య దాన్ని తెచ్చి దేవుడి గూట్లో పెట్టాడు. బండికి కొత్త సామాను ఏది వచ్చినా, టైరైనా బెల్టయినా, ఆ గూట్లో ఒక రాత్రి నిద్ర చేయకుండా బండి ఎక్కదు. "పొద్దుగాల తానం చేసి బొట్టు పెట్టు. ఆరు కొట్టంగ కృపానందమన్న బిగిస్తడు," అన్నాడు.

కోడి కూయకముందే భారతి తలస్నానం చేసింది. పసుపు కలిపింది, కుంకుమ తీసింది. డబ్బా నల్ల మూత మీద ఒక బొట్టు పెట్టి దండం పెట్టబోయి ఆగిపోయింది. కృపానందం మాట చెవిలో మోగింది. రోగం లోపలుంది. అలాంటప్పుడు బొట్టు పైన పెడితే ఏం లాభం? ఆమె మూత పట్టి ఉంచిన తీగను గోటితో పక్కకు నెట్టింది. లోపల రెండు చోట్ల చిన్న చిన్న బిళ్లలు పాల పళ్లలా తళతళలాడుతున్నాయి. తడి పసుపు వేలి కొనతో ఒక్కొక్క జతకు అద్దింది. పైన చిటికెడు కుంకుమ. "తల్లీ, మేడారం దాక కండ్లార్పకుండ చూసుకో," అని మొక్కి, మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గరికి పోయింది.

ఆరుగంటలకల్లా కట్టమ్మ వెనక సీట్లో మధ్యన ఎక్కి కూర్చుంది. కాళ్ల దగ్గర కోడి గంప, పక్కన బెల్లం బస్తా. "ఏమే పిల్లా, పొద్దుగాల నుంచి వానికి రెండు గిన్నెల బువ్వ పెట్టినవు. గద్దె కాడ బెల్లం చాలకపోతె నన్ను గూడ తూకంల కూసోబెడ్తవా?" అన్నది.

"ఖాళీ కడుపుతోని తీస్కపోతె కక్కుతడత్తమ్మా."

"నిండు కడుపుతోని కూడ కక్కుతడు. నా చీర మీద."

కృపానందం కటౌట్ బిగించి తీగలు కలిపాడు. యాకయ్య స్టార్ట్ చేశాడు. ఇంజను గుర్రుమన్నది. ఎర్ర బుగ్గ వెలిగింది. "జర రేస్ చెయ్," అన్నాడు కృపానందం. రేస్ చేస్తే అది ఆరలేదు, ఆరతానని కూడా అనలేదు.

కృపానందం తీగలు ఊపి చూశాడు, బెల్టు నొక్కి చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"అన్నా, సరిగ్గ బిగించినవా?" అన్నాడు యాకయ్య.

"ఇరవై ఏండ్ల సంది బిగిస్తాన్న. నువ్వు లాగు వేసుకోకముందు నుంచి."

"మరి గట్లెందుకైతాంది?"

"కొత్త కటౌట్ల తప్పేముంటది? డైనమోనే పోయినట్టుంది. ఊడదీసి చూడాలె. సాయంత్రమైతది."

"సాయంత్రమైతె ఏం పోతం? పొద్దెక్కినంక ఆ తొవ్వంత బండ్లే. రేపు మాపటికి కారు వకీల్ సాబ్ ఇంటి ముందట ఉండాలె."

కృపానందం చొక్కా చేతులు మడిచి పెద్ద పానా అందుకున్నాడు. భారతి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. చెబితే ఈ కథ యాకయ్య నోట్లో పడుతుంది. కాశిబుగ్గ దాటి, హన్మకొండ దాటి, తన పుట్టింటి దాకా పోతుంది. సమ్మయ్య పెండ్లి పీటల మీద కూడా చెప్పుకుని నవ్వుతారు. చెప్పకపోతే మొక్కు పోతుంది. చంకలో పిల్లవాడు ఆమె పుస్తెల తాడు పట్టి లాగాడు. పానా మొదటి బోల్టుకు తగిలింది.

"అన్నా! డైనమో ఊడదియ్యకు. జర ఆ మూత తీసి చూడు."

"దాన్లేముంటది చెల్లె? నిన్ననే వచ్చిన కొత్తది."

"కొత్తదే గని... లోపల బొట్టు పెట్టిన."

కృపానందం పానా కింద పెట్టి మూత తీశాడు. వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. ఆయన భుజాలు ముందు కదిలాయి, తర్వాత కడుపు కదిలింది.

"పెద్దవ్వా, దిగి రా! మీ కోడలు కటౌటుకు పేరంటం చేసింది. వాయినమొక్కటే తక్కువ."

యాకయ్య తల పట్టుకున్నాడు. "బొట్టు మీద గదనే పెట్టేది!"

"నీకు జ్వరమొస్తె గోలీ నువ్వు మింగుతవా, నీ అంగీ మింగుతదా? రోగం లోపలుంటదని అన్ననే చెప్పె."

కట్టమ్మ వెనక సీట్లోంచి, "పిల్ల చెప్పిందాంట్ల తప్పేముందిరా?" అని అరిచింది.

"తప్పు నాదే పెద్దవ్వా. ఆడబిడ్డ ముందట అట్ల చెప్పొద్దుండె," అన్నాడు కృపానందం. బ్యాటరీ తీగ విడదీసి, గుడ్డపేలికను పెట్రోలులో ముంచి బిళ్లల మధ్య లాగాడు. పేలిక పచ్చగా వచ్చింది. ఇంకోసారి లాగితే ఎర్రగా వచ్చింది. సన్నని గరుకు కాగితం ముక్కతో రెండుసార్లు మెల్లగా రుద్దాడు. "మాదైతె ప్రార్థన, చెల్లె. తుడిసే పనుండదు. ఇంకోసారి డబ్బాల లోపలి పని పడితే నన్ను పిలువు."

"పైది తుడవకన్నా," అన్నది భారతి చిన్న గొంతుతో.

"ఎందుకు తుడుస్త? పైన బొట్టు కరెంటుకు అడ్డం రాదు. ఉండనియ్యి."

యాకయ్య మళ్లీ స్టార్ట్ చేశాడు. బుగ్గ వెలిగింది. రేస్ చేశాడు. బుగ్గ మినుకుమన్నది, సన్నబడింది, ఆరిపోయింది. భారతి బానెట్ పక్కనే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. "వెలిగితె ఏడుస్తది, ఆరితె ఏడుస్తది," అని యాకయ్య నవ్వుతూనే తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ములుగు రోడ్డు ఎక్కినాక కారు ఎక్కడా ఆగలేదు. "చెప్పుడు మర్చిపోయినవా ఏమన్న? పెట్రోల్ ట్యాంకుల పసుపు కలిపినవా?" అని గుచ్చాడు యాకయ్య. "రోడ్డు దిక్కు చూడు," అన్నదామె. సమ్మయ్య నాయనమ్మ చీర మీద కక్కి, తేలికపడి నిద్రపోయాడు.

తాడ్వాయి దాటాక ఎడ్ల బండ్ల వరుస వెనక కారు నిలిచిపోయింది. ముందంతా దుమ్ము, డప్పుల చప్పుడు. యాకయ్య ఇంజను ఆపి, "ఇగ కదలదు. ఎండ తగ్గినంక చూద్దాం," అన్నాడు. తిరిగి చూస్తే పక్క సీటు ఖాళీ. భారతి పిల్లవాణ్ణి భుజానేసుకుని బండ్ల మధ్య నుంచి అప్పుడే ఇరవై అడుగులు నడిచేసింది. ఎడ్లంటే పారిపోయే మనిషి, ఒక కోడె మూతిని చేత్తో పక్కకు నెట్టి మరీ పోతున్నది.

"ఓ... జర ఆగవే! బెల్లం ఎవరు మోస్తరు?"

"వాని నాయిన!" అన్న మాట దుమ్ములోంచి వచ్చింది.

కట్టమ్మ గంప నెత్తికెత్తుకుంది. యాకయ్య కారును తొవ్వ పక్కకు పెట్టి తాళం వేసి, బస్తా భుజాన వేసుకుని, పెండ్లాన్ని అందుకోవడానికి ఉరికాడు.