గదవ మీది మూడు చుక్కలు

నాలుగేళ్లుగా అక్కతో మాటల్లేని గౌరీబాయి, మనవడు రాజేందర్ పెళ్లి కుదిరాక ఒక మెట్టు దిగింది. పూర్తిగా కాదు, సగం మెట్టు. ఇంటికి వెళ్లి పిలవదట, ఫోన్‌లో పిలుస్తుందట.

గౌరీబాయిది సూర్యాపేట దగ్గరి తండా. అక్క చాందీబాయిది మిర్యాలగూడ అవతల. మధ్య దూరం బస్సుకు లెక్కలోకి రాదు గానీ అలకకు చాలా ఎక్కువ. అప్పట్లో గౌరీబాయి మనవరాలి ఫంక్షన్‌లో చాందీబాయిని భోజనాల రెండో బంతిలో కూర్చోబెట్టారు. కావాలని కాదు, మొదటి బంతిలో చోటు లేకపోయింది. ఆ సంగతి ఎందరు చెప్పినా ఆమె వినలేదు. తిన్న చేయి కడుక్కొని, చెప్పులు వేసుకొని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. తల్లి లేని చెల్లెలిని తానే పెంచి పెద్దచేసిన మనిషికి ఆ మాత్రం కోపం రావడం సబబేనని గౌరీబాయికి లోపల తెలుసు. పైకి మాత్రం, "నేను తప్పు చేయలే, నేనెందుకు పోవాలె" అని నాలుగేళ్లూ అదే పాట పాడింది. ఇప్పుడు అక్క లేకుండా మనవడి పెళ్లి చేయాలంటే అన్నం మింగుడు పడటం లేదు.

కొడుకు శివాజీ పేటలో ఆటో నడుపుతాడు. ఇద్దరి మధ్యా నలిగిపోయి అతనే ఈ దారి కనిపెట్టాడు. "యాడీ, నువ్వు పోయేది లేదు, ఆమె వచ్చేది లేదు. వీడియో కాల్ చేద్దాం. ఇద్దరు ఎవరింట్ల వాళ్లుంటరు" అన్నాడు తల్లితో.

ఆదివారం పొద్దున గౌరీబాయి స్నానం చేసి, మంచి చీర కట్టుకొని, ఫోన్ ముందు కూర్చుంది. అవతల చాందీబాయి ముఖం వచ్చింది. వెనక ఆమె కోడలు, మనవలు తలలు దూర్చారు. చాందీబాయి చాలాసేపు కన్నార్పకుండా చూసింది.

"అక్కా, బాగున్నవా? మన రాజేందర్ పెండ్లి కుదిరింది" అంది గౌరీబాయి.

"ఎవరే నువ్వు?"

"గౌరిని."

"మా గౌరికి గదవ మీద మూడు చుక్కలుంటయ్. నీకేవి? దొంగదానివి నువ్వు. పోలీసోళ్లకు చెప్తా." ఫోన్ కట్ అయింది.

గౌరీబాయి పెదవి కింద గదవ తడుముకుంది. చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు అరవై ఏళ్లు నిండే వయసులో ఎక్కడికి పోతాయి? శివాజీ అనుమానం వచ్చి ఆ ఫోన్‌తోనే తల్లికి రెండు ఫొటోలు తీశాడు. తీసి ఆమెకు చూపించాడు. చుక్కలు లేవు. ముడతలు లేవు. ఎండకు మాడిన నలుపు కూడా సగం లేదు. ఫొటోలో ఉన్న ఆడమనిషిని గౌరీబాయి జన్మలో చూసి ఎరగదు.

సంగతి ఏమిటంటే, ముందు రోజు రాత్రి ఫోన్ చార్జింగ్‌లో ఉండి దానంతటదే అప్‌డేట్ అయింది. మనుషులు అందంగా ఉండాలని కంపెనీ వాళ్లకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టినట్టుంది. ముఖం మీద మచ్చ అనిపించినదల్లా కెమెరా తుడిచేస్తోంది. వద్దనుకుంటే ఆపే దారి మాత్రం పెట్టలేదు. పచ్చబొట్టు కూడా దాని లెక్కలో మచ్చే.

కోడలు శోభారాణి మటుకు ఆ పూటంతా ఆ ఫోన్ వదల్లేదు. బుగ్గ మీది మంగు పోయిందని తండాలో ఇంటింటికీ తిరిగి చూపించింది. సాయంత్రానికి ఫొటో దిగడానికి వాకిట్లో ఆడవాళ్లు వరస కట్టారు. గౌరీబాయి ఒంటికాలి మీద లేచి, తనవి తీసిన రెండు ఫొటోలూ దగ్గరుండి డిలీట్ చేయించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. చాందీబాయి తండాలో ఈ మధ్యే ఒకాయనను ఎవడో ఆయన మేనల్లుడి ముఖం పెట్టుకొని వీడియో కాల్ చేసి మోసం చేశాడు. పోలీసులు వచ్చి, ముఖాలను నమ్మకండి, గుర్తులు చూడండి అని మీటింగ్ పెట్టి వెళ్లారు. అది గుర్తుంచుకున్న ఆమె మనవడు వెంటనే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వదిలాడు: "గౌరి నాయనమ్మ మొఖం పెట్టుకొని ఎవరో ఫోన్ చేస్తున్నరు. ఎవ్వరు ఎత్తకున్రి." దానితో గౌరీబాయి ఫోన్ చేస్తే చుట్టాలు ఎత్తడం మానేశారు. ఒకాయన ఎత్తి, తన చిన్నప్పటి ముద్దుపేరు చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. పక్కన పెళ్లాం ఉన్నట్టుంది, ఆయన కాదని కట్ చేశాడు.

తల ప్రాణం తోకకొచ్చింది గౌరీబాయికి. మిగతా చుట్టాల సంగతి ఎట్లా ఉన్నా, సొంత అక్క తనను దొంగదని అనుకుంటోంది. సగం మెట్టు దిగినందుకు ఇదా ఫలం అని రెండు రోజులు అన్నం ముందు కూర్చొని ఏడ్చింది. మూడో రోజు ఫోన్ రవికెలో దోపుకొని కోదాడ బస్సు ఎక్కింది. ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టడానికి కండక్టర్ ఆధార్ చూపించమన్నాడు. ఆధార్‌లో ఫొటో ఎంత అధ్వాన్నంగా ఉన్నా చుక్కలు ఉన్నాయి. ఆ కార్డు మీద మొదటిసారి ఆమెకు గౌరవం కలిగింది.

ఫోన్ కొన్నది కోదాడలో, మహేష్ అనే అతని షాపులో. అతను ఫోన్ అటూ ఇటూ తిప్పాడు.

"ఇది రిపేరు కాదు పెద్దమ్మా, ఫీచర్. దీనికోసమే కొంటున్నారండి జనం."

"నా మొఖం మీదిది తుడవమని ఎవరు చెప్పిన్రు?"

"మీరు ఓకే కొట్టి ఉంటారు."

"నేను పడుకున్న బిడ్డా."

మహేష్ మాట మార్చాడు. మొన్న ఒక పెళ్లిచూపుల్లో అబ్బాయి బుగ్గ మీది పుట్టుమచ్చ ఫోన్‌లో కనపడక, ఎదురుగా కనపడి పెద్ద గొడవైందని, అలాంటి ఫిర్యాదులు చాలా వచ్చి కంపెనీ ఈ పొద్దునే ఇంకో అప్‌డేట్ వదిలిందని చెప్పాడు. "ఇది ఎక్కిస్తే పాతలాగే అయిపోతుందండి. ఒకటే సంగతి, మళ్లీ ఆ అందం కావాలంటే రాదు. ఆ ఫీచర్ పూర్తిగా తీసేశారు."

"ఎవనికి కావాలె గా అందం. ఎక్కియ్యి."

ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. గౌరీబాయి ఫోన్‌లో ముఖం చూసుకుంది. ముడతలు, నలుపు, గదవ మీద మూడు చుక్కలు, అన్నీ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోయి మళ్లీ వీడియో కాల్ చేద్దామనే బస్టాండుకు వచ్చింది. అక్కడ హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లే బస్సు కదలబోతోంది. చేస్తే మాత్రం అక్క ఎత్తుతుందా? ఎత్తకపోతే ఇంకో నాలుగేళ్లా? అంతకాలం ఎవరుంటారో ఎవరు పోతారో. ఎక్కి కూర్చుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల పొగగొట్టాలు కనపడేదాకా, దిగి వెనక్కి పోదామా అని ఊరూరికీ అనుకుంటూనే ఉంది.

చాందీబాయి వాకిట్లో ఒంటరిగా చింతపండు గింజ తీస్తోంది. కోడలూ మనవలూ చేను నుంచి రాలేదు. గౌరీబాయి ఎదురుగా వెళ్లి నిలబడి, గదవ ఎత్తి చూపించింది. వాళ్లు మాట్లాడుకున్నది తమ తండా భాషలో.

"చూడు, మూడున్నయ్. నేనే."

"నువ్వేనని నాకు తెల్వదా" అంది చాందీబాయి, గింజ తీయడం ఆపకుండా. "ఆ రోజే తెలుసు. అక్కా అన్నవ్ కద, ఇంకేం కావాలె."

గౌరీబాయికి బస్సులో దాచుకున్న ఏడుపంతా కోపమై వచ్చింది. "తెలిసి దొంగదన్నవా? ఊరంతా నన్ను దొంగదాన్ని చేసినవ్. ఒక బంతి కోసం ఇంత పగనా నీకు?"

చాందీబాయి చేట పక్కన పెట్టింది.

"అమ్మ పోయేనాటికి నీకు సరిగ నడక రాలే. నిన్ను సంకనేసుకొనే నేను చేన్లకు పోయిన. పచ్చబొట్లు పొడిచేదానికాడికి తీస్కపోయింది నేనే, కదలకుండ పట్టుకున్నది నేనే. నువ్వు ఒకటే ఏడుపు. గా దినం నుంచి చుక్కలు లేని నీ మొఖం మళ్ల నేను చూడలే. మనకు ఫొటోలెక్కడియి? మొన్న ఫోన్ల అదే వచ్చింది గౌరీ. అప్పటి మొఖమే. నాకు ఏడుపొస్తుండె. ఎనక కోడలు, పిల్లలు. వాళ్లకేం చెప్తా? నోటికొచ్చినట్టు దొంగది అన్న, ఫోన్ కట్ చేసిన."

గౌరీబాయి మట్టిలోనే అక్క ఎదురుగా కూర్చుంది.

చాందీబాయి కొంగుతో చేతులు తుడుచుకొని దగ్గరికి జరిగింది. "ఇప్పుడు ఇంట్ల ఎవరు లేరు. జర మళ్ల చూపియ్యి."

"ఏంది?"

"అదే. ఫోన్ల నీ మొఖం."

గౌరీబాయి రవికెలోంచి ఫోన్ తీసింది. తెరలో ఇద్దరు ముసలివాళ్లు కనపడ్డారు. ఇద్దరి గదవల మీదా చుక్కలున్నాయి. చాందీబాయి ఫోన్ అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుగుకు పట్టి చూసింది.

"ఇది కాదు."

"బాగుచేయించిన అక్కా. ఇగ అది రాదంట."

"ఎందుకు చేయించినవే?"

"నువ్వు గుర్తుపట్టాలని."

చాందీబాయి ఫోన్ చెల్లెలి ఒళ్లో పెట్టేసింది. తర్వాత చేయి చాపి, అరచేత్తో గౌరీబాయి గదవ మీది చుక్కలు మూసి, ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. చేతికి చింతపండు పులుపు ఉండి చర్మం చురచురమంటున్నా గౌరీబాయి కదల్లేదు.