మంచం దిగని చుట్టం

ఆడపిల్లల హాస్టల్ సీట్లకు దరఖాస్తు గడువు ఆ సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. ఆ దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైట్ తయారుచేసింది మా కోడలు. ఉదయం పదకొండింటికి అది కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందట.

"పాత దరఖాస్తులు కొన్ని చెరిపెయ్, చోటొస్తుంది," అన్నాడు మావాడు.

"ఒక్క పిల్ల కాగితం కూడా ముట్టను," అని కోడలు కుర్చీ ముందుకు లాక్కుంది.

వెతగ్గా వెతగ్గా, సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ ఫైల్ ఒకటి ఏనుగులా పెరిగి కనిపించింది. దాన్ని చెరిపేసింది. అయినా డిస్క్‌లో రవ్వంత చోటు కూడా రాలేదు.

నేను ఊరుకుంటానా? "అమ్మాయ్, నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టమొకడు మంచం దిగనేలేదు. విసుగెత్తి మా తాత ఇల్లే పడగొట్టించాడు. ఇల్లు పోయింది గానీ, వాడు మంచం మీదే ఉన్నాడు. జాగా ఖాళీ అయితే ఒట్టు!"

"మీ కోతలు ఆపండి మావయ్యా..." అంటూనే ఆమె ఆగిపోయింది. "అదే! ఫైల్ చెరిపేసినా, అందులో రాసే ప్రోగ్రామ్ ఇంకా దాన్ని పట్టుకునే కూర్చుంది. ముందు దాన్ని లేపాలి."

ఆ ప్రోగ్రామ్‌ను ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. డిస్క్ సగం ఖాళీ అయింది. దరఖాస్తులు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. లాగ్ ఇకమీదట అంత పెరగకుండా, పాతది రోజూ దానంతటదే పోయే ఏర్పాటు కూడా చేసింది.

"ఇక భోజనానికి లేమ్మా," అన్నాను.

"ఐదయ్యేదాకా లేవను మావయ్యా. ఈ కుర్చీ తప్ప ఇల్లంతా పడగొట్టుకోండి."