తల్లి ముఖం చూసి

"ఆ తల్లి ముఖం చూసైనా తమరు దయ చూపించాలి" అని వకీలు అన్నప్పుడు, ఆ మాట తన గురించేనని వెనక బెంచీ మీద కూర్చున్న జమునకు వెంటనే తట్టలేదు. జడ్జి తల ఎత్తి ఆమె వైపు చూశాడు. పక్కవాళ్ళూ చూశారు. అప్పుడు అర్థమైంది.

"భర్త పోయిన మనిషి. ఈ ఒక్క కొడుకు తప్ప ఇంకో ఆధారం లేదు" అన్నాడు వకీలు.

భర్త గుండెపోటుతో పోయాక ఆయన ఉద్యోగం జమునకే ఇచ్చారు. గోదావరిఖని దగ్గర బొగ్గుబావి మీద ల్యాంప్ రూంలో పని. గనిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు అందించడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. ఆ జీతంతోనే కొడుకు వీరేందర్‌ను ఇంజినీరింగు దాకా చదివించింది. వాడి ఆసరాతో ఆమె ఒక్కరోజూ బతకలేదు.

వాడి కాలేజీలో ఫ్రెషర్స్ డే జరిగిన సాయంత్రం, మొదటి సంవత్సరం చదివే లిల్లీ అనే అమ్మాయి ల్యాబులో మరిచిన బ్యాగు కోసం వెళ్ళింది. వీరేందర్ వెనకే వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. అరుపులు విని అటెండరూ నలుగురు పిల్లలూ తలుపు బద్దలు కొట్టేసరికి లిల్లీ మోచెయ్యి విరిగి ఉంది. బట్టలు చినిగి ఉన్నాయి.

మొదట్లో జమున కొడుకునే నమ్మింది. "నా కొడుకు గసొంటోడు కాదు" అని ల్యాంప్ రూం కిటికీ దగ్గర ఆగిన ప్రతి ఒక్కరితోనూ అన్నది. మంచిర్యాల నుంచి అన్న జగదీశ్వర్‌ను పిలిపించుకుని, రాజీ మాట్లాడడానికి బసంత్‌నగర్‌లోని లిల్లీ ఇంటికీ వెళ్ళింది. లిల్లీ తల్లి ఎలిజబెత్ అక్కడి బళ్ళో టీచరు. వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విని, "పోయి రాండ్రి" అని మాత్రం అన్నది.

వీరేందర్ బెయిలు మీద ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం జమున అన్నం పెడుతూ కళ్ళు తుడుచుకుంటుంటే వాడికి విసుగొచ్చింది.

"ఊకె ఏడుస్తవేందమ్మా? అది గంత లొల్లి చెయ్యకపోతే ఎవలకు తెలుస్తుండె?"

జమున చేతిలో గరిటె ఆగిపోయింది. "అంటే ఆ పిల్ల చెప్పింది నిజమేనారా?"

"ఏమైందని ఇప్పుడు? ఏం కాకముందే తలుపులు పలగ్గొట్టిన్రు గద. ఇంకింత కూరెయ్యి."

ఆమె కూర వేసింది. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా తన చేతిని తాను క్షమించుకోలేకపోయింది. అన్నతో చెబితే ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పిలగాని బతుకు ఆగం జేస్తవా? నోరు మూసుకో."

ఆమె నోరు మూసుకుంది. కాలేజీ వాడిని ఒక సెమిస్టరు పక్కన పెట్టి మళ్ళీ చేర్చుకుంది. వాడు పరీక్షలన్నీ మంచి మార్కులతో పాసయ్యాడు. లిల్లీ మాత్రం ఆ గేటు లోపల మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఇప్పుడు జడ్జి తీర్పు చదువుతున్నాడు. అత్యాచార యత్నం రుజువు కాలేదన్నాడు. అమ్మాయి గౌరవానికి భంగం కలిగించినట్టు మాత్రమే రుజువైందన్నాడు. ముద్దాయి వయసు చిన్నది, చదువులో ముందున్నాడు, ఇదివరకు నేరమేదీ లేదు, విధవరాలైన తల్లికి వాడే దిక్కు. ఇవన్నీ చూసి ఏడాది జైలు.

జమున లేచి నిలబడింది.

"సార్, నా పేరు జెప్పి తగ్గియ్యకుండ్రి. నాకు నౌకరి ఉన్నది. వాని మీద ఆధారపడి లేను నేను."

జడ్జి కళ్ళద్దాలు తీసి మెత్తగా అన్నాడు. "కూర్చోండమ్మా. తల్లి బాధ మాకు అర్థమవుతుంది."

"అది గాదు సార్..."

వకీలు వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆమె దుఃఖంలో మతి తప్పి మాట్లాడుతోందనే అందరూ అనుకున్నారు. ముందు వరసలో ఉన్న లిల్లీ ఒక్కతే వెనక్కి తిరిగి ఆమెను చాలాసేపు చూసింది.

అప్పీలు చేసుకునేదాకా శిక్ష ఆపుతూ ఆ పొద్దే బెయిలిచ్చారు. సాయంత్రానికి వీరేందర్ క్వార్టరుకు వచ్చేశాడు. జగదీశ్వర్ మిఠాయి డబ్బా తెచ్చి వాకిట్లో అందరికీ పంచాడు. జమున ఒక ముక్క కూడా నోట్లో వేసుకోలేదు.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి బసంత్‌నగర్ బస్సెక్కింది.

లిల్లీ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. గాలికి మూసుకోకుండా దాని ముందు ఇటుక పెట్టారు. గడప దగ్గర నిలబడే జమున చెప్పాల్సింది చెప్పేసింది, కొడుకు అన్నం తింటూ అన్న మాటలతో సహా.

"మీరు పైకోర్టుకు పోండ్రి చెల్లె. నేను సాక్ష్యం జెప్త. వాడు నా ముందట ఒప్పుకున్నడు."

ఎలిజబెత్ ముఖం ఎర్రబడింది. "ఇన్నొద్దులు ఏడున్నదక్కా ఈ మాట? మా బిడ్డను గంటలకొద్ది నిలబెట్టి అడగరాని మాటలు అడిగినప్పుడు ఏడున్నది?"

జమున తల దించుకుంది.

లోపలి నుంచి లిల్లీ వచ్చింది. కుడి మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతోంది. "కేసు మళ్ళ తెరుస్తే నన్ను మళ్ళ పిలుస్తరు గద ఆంటీ?"

"పిలుస్తరేమో బిడ్డా."

"పోలీసులకు చెప్పిన. కాలేజీల చెప్పిన. కోర్టుల చెప్పిన. చెప్పినప్పుడల్లా మళ్ళ ఆ రూములకే పోయినట్టుంటది. ఇగ నాతోని కాదు." తలుపు ముందున్న ఇటుకను కాలితో సర్దింది. "నిన్న మీరు లేసినందుకు మంచిగనిపించింది. గంతే."

ఎలిజబెత్ బయటిదాకా వచ్చింది. కోపం తగ్గినా గొంతు గట్టిగానే ఉంది. "మళ్ళ రాకుండ్రి అక్కా. మిమ్మల్ని జూసినంక అది అన్నం ముట్టది."

జమున సరేనని తలూపింది. సిమెంటు లారీలు వరసగా పోతున్న రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంటే దుమ్ము అంటుకుంది.

ఇంటికెళ్ళాక వీరేందర్ అడిగాడు, ఎక్కడికి పోయావని. ఆమె దాచలేదు.

"కన్నకొడుకు మీద సాక్ష్యం జెప్తవా?"

"వాళ్ళు పిలిస్తే చెప్త."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధం కాదని తెలిసినట్టుంది. ఆ వారంలోనే బట్టలు సర్దుకుని మామ ఇంటికి మంచిర్యాల పోయాడు. జగదీశ్వర్ ఫోన్ చేసి, ఇక తనకు చెల్లెలు లేదన్నాడు. లిల్లీ వాళ్ళు అప్పీలు చెయ్యలేదు. వీరేందర్ అప్పీలు మాత్రం నడుస్తూనే ఉంది. ఆరు నెలలకు వాడికి హైదరాబాదులో ఉద్యోగం దొరికిందని జమునకు ఎవరో చెప్పారు.

ఒక ఆదివారం ఆమె అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా బియ్యం కడిగింది. పొయ్యి మీద పెట్టాక గానీ గుర్తు రాలేదు. కొడుకు మీద బెంగతో అక్కడే కూర్చుని ఏడ్చింది. వాడి కోసం ఏడుస్తున్నందుకు సిగ్గేసింది. అయినా ఏడుపు ఆగలేదు.