చిరగని సంచి

ప్రెషర్ కుక్కర్లు తయారుచేసే కంపెనీలో ఆయన పని తప్పులు పట్టడం. రబ్బరు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, పిడి మరలో చిన్న వంకర కనిపించినా, ఎర్ర చీటీ అంటించి పక్కన పడేస్తాడు. తోటి ఉద్యోగులు ఎదురుగా ‘సార్’ అంటారు, వెనకాల ‘రిజెక్టు గారు’ అంటారు. రెండో పేరే తన కష్టార్జితమని ఆయన నమ్మకం. పరీక్ష పెట్టకుండా ఆయన ఇంట్లోకి అగ్గిపెట్టె కూడా రాదు. పెళ్ళి నాడు ఎవరు ఎవరికి పరీక్ష పెట్టారో, ఎవరు గట్టెక్కారో అడిగితే మాత్రం ఆయన భార్య నవ్వి ఊరుకుంటుంది.

అలాంటి మనిషితో కూతురు ఒకరోజు భోజనాల దగ్గర అంది: "నాన్నా, సెలవుల్లో అడవిలో క్యాంపుకెళ్దామా? మనిద్దరమే."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఆయనతో మాట్లాడే మాటలు ‘ఆఁ’, ‘ఊఁ’, ‘చార్జర్ ఏదీ’. గది తలుపు మూసే ఉంటుంది, చెవుల్లో ఏవో పెట్టుకునే ఉంటుంది. ఇప్పుడు తనంతట తాను పిలిచింది. ఈ పిలుపు గనక చేజారితే మళ్ళీ వస్తుందో రాదో అని ఆయనకు ఆ క్షణమే భయం పట్టుకుంది.

భయం పట్టుకున్న మగవాడు వెంటనే ఏదో ఒకటి కొంటాడు. ఆయన సంచి కొన్నాడు. బావమరిది దగ్గర ఖరీదైన ట్రెక్కింగ్ సంచి ఉంది, అడిగితే ఇస్తాడు. నవ్వుతూ ఇస్తాడు, అందుకే అడగలేదు. సైన్యం వాడి తీసేసిన సరుకు చవగ్గా అమ్మే కొట్టుకు వెళ్ళాడు. ముతక కాన్వాసు, ఇత్తడి బకిల్సు, వెనకాల ఇనప చట్రం, గుప్పున కలరా ఉండల వాసన. ఎందుకున్నాయో ఎవరికీ తెలియని జేబులు బోలెడు.

"యుద్ధానికెళ్ళొచ్చిన సంచి సార్. మీరు పెట్టే కష్టం దీనికో లెక్కా?" అన్నాడు కొట్టువాడు.

"ఆ యుద్ధం గెలిచారా మరి?"

కొట్టువాడు ఆలోచించి ఇంకొంచెం తగ్గించాడు.

ఇక ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. లోపల పాత పేపర్లు కుక్కి స్నానాలగదిలో షవరు కింద పెట్టాడు. బకెట్లు రెండు నిండేంత నీళ్ళు పడినా ఒక్క అక్షరం తడవలేదు. నీళ్ళ క్యాన్లు నింపి బాల్కనీ కమ్మీకి వేలాడదీశాడు. కమ్మీ వంగింది, సంచి వంగలేదు. డాబా మీంచి కిందికి వదిలితే కింద పోర్షనావిడ ఏ మనిషో పడ్డాడనుకుని పరుగెత్తుకొచ్చింది. సంచని తెలిశాక తలెత్తి ఆయన్ని చూసిన చూపు మనిషి పడినా అలా ఉండేది కాదు. నడుము పట్టీ ఒక్కటే ఇబ్బంది పెట్టింది. అది నడుము ఉన్నవాళ్ళకు కుట్టింది. ఊపిరి బిగబట్టి ఎంత లాగినా రెండు కొసలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. పట్టీ అనవసరమని తేల్చి, మడిచి లోపలికి దోపేశాడు.

"సంచి సంగతి తేలింది. మోసేవాళ్ళ సంగతేంటండీ?" అంది భార్య.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"నేనడిగింది ఆకారం గురించి కాదు."

ఆయన వినిపించుకోలేదు. అన్నిటికీ పరీక్ష పెట్టే మనిషి తనకు మాత్రం ఎందుకు పెట్టుకోలేదంటే, ఫలితం ముందే తెలుసు కనక. ఆ మధ్య ఆఫీసులో లిఫ్టు చెడిపోతే మూడంతస్తులు ఎక్కి, పైన సెక్యూరిటీ మనిషి కుర్చీలో కూలబడ్డాడు. సెక్యూరిటీ మనిషి ఆయనకు విసురుతూ నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున కూతురే అడిగింది. "ఊరవతల నీళ్ళ ట్యాంకు గుట్ట ఎక్కి చూద్దాం నాన్నా, సామానుతో. అడవి దారి కూడా ఇంచుమించు అంతే. అది కష్టమైతే మానేద్దాంలే."

‘మానేద్దాంలే’ అన్న మాట ఆయన చెవిలో ముల్లులా దిగింది. సంచి ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాడంటే, ముందు కింద కూర్చుని పట్టీల్లోకి చేతులు దూర్చి, బోర్లా తిరిగి, గోడ పట్టుకుని లేచాడు.

మొదటి మలుపు దాకా మాట్లాడాడు. రెండో మలుపు దాకా తలాడించాడు. మూడో మలుపులో ఒక రాయి కనబడగానే, "నువ్వు పద, బూటులో గులకరాయేదో దూరింది," అని సంచి దించి కూర్చున్నాడు. కూతురు ముందుకెళ్ళింది. ఆయన గుండె దండోరా వేస్తోంది. మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని రాజీనామా ఇచ్చాయి. సంచి మాత్రం పక్కన నిక్షేపంలా కూర్చుంది.

అప్పుడు ఆయనకా బుద్ధి పుట్టింది. సంచి పట్టీ తెగితే? తెగిన సంచితో ఎవరూ కొండెక్కరు. ఇంకో సంచి కొనాలి, దానికి పరీక్షలు పెట్టాలి, ఈలోగా మోకాళ్ళను ఎలాగో బతిమాలుకోవచ్చు. ‘మానేద్దాం’ అనే మాటే రాదు, ‘వాయిదా వేద్దాం’ అనే మాట వస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళను లోకం చూసింది. మద్దెల ఓడు కాకపోతే, తానే చిల్లు పెట్టడానికి కూర్చున్నది ఈయనొక్కడే.

ఇంటి తాళంచెవితో భుజం పట్టీ కుట్టును గీశాడు. తాళంచెవి వంగింది. గోళ్ళతో లాగాడు. రాయికేసి రాశాడు. జీవితమంతా ఇలాంటి కుట్టు కోసం ఎదురుచూసిన మనిషి, అది కనబడ్డ రోజున దాన్ని బండబూతులు తిట్టాడు. చివరికి పళ్ళతో పట్టి గుంజాడు. పైవరసలో పన్ను ఒకటి కదిలింది. కుట్టు కదల్లేదు.

"నాన్నా, ఏం తింటున్నావ్?"

కూతురు ఎదురుగా నిలబడి ఉంది. ఆయన నోట్లో పట్టీ ఉంది. తీశాడు.

"కుట్టు... ఎలా ఉందో చూస్తున్నా."

"ఎలా ఉంది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. సరుకు బాగుంటే బాగాలేదని చెప్పడం ఆయనకు చేతకాదు. "సంచి బ్రహ్మాండంగా ఉందమ్మా. నేనే పాడైపోయాను. చిరిగిందని చెబుదామని చూశా, చిరిగి చావలేదు. నువ్వు మీ కాలేజీ ట్రెక్కింగ్ క్లబ్బువాళ్ళతో వెళ్ళు. నాతో వస్తే నీ సెలవులన్నీ ఈ గుట్ట మీదే అయిపోతాయి." సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువగా బాధేసింది.

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. "వాళ్ళతో వెళ్ళాను నాన్నా, రెండుసార్లు. గబగబా ఎక్కుతారు, ఫొటోలు దిగుతారు, గబగబా దిగుతారు. నువ్వైతే ప్రతి రాయి దగ్గరా ఆగి ఏదో ఒకటి వాగుతుంటావు కదా. ఇంట్లో ఆ వాగుడు విసుగ్గా ఉంటుంది గానీ, అక్కడ అందరూ అలా పరిగెడుతుంటే ఎందుకో అదే గుర్తొచ్చింది."

ఆయన వంగిన తాళంచెవిని రాయి మీద పెట్టి వంకర తీయబోయాడు.

ఆ పిల్ల సంచి మూత విప్పి చూసింది. "అడవిలోకి కుక్కరా?"

"మంచిది తల్లీ. నేనే పాస్ చేశాను."

ఆ పిల్ల పగలబడి నవ్వింది. సంచి అవలీలగా భుజాన వేసుకుని, దోపేసిన నడుము పట్టీ బయటికి లాగి టక్కున పెట్టుకుంది. తన చిన్న సంచి ఆయన చేతికిచ్చింది. "ఈ పెద్దది నేను మోస్తా. నువ్వు మెల్లిగా రా."

ఆయన మెల్లిగానే వెళ్ళాడు. అంతకంటే వేరే దారి లేదు. అయితే ప్రతి మలుపులోనూ కూతురు ఆగి, వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ కనిపించింది. ఆయన చేరేసరికి కట్టుకోవడం అయిపోయేది, మళ్ళీ కదిలేది. ఎన్నిసార్లు ఊడతాయి ఇవి, నాసిరకం లేసులై ఉంటాయని, ఆఖరి మలుపులో ఆయన అలవాటు కొద్దీ వంగి చూశాడు.

ఆ బూట్లకు లేసులే లేవు. పట్టీ లాగి అంటించే రకం.

ఆయన నిటారుగా లేచి, కళ్ళు తుడుచుకుని, ట్యాంకు వైపు తిరిగాడు. "గట్టిగా కట్టుకో తల్లీ," అన్నాడు. "తొందరేం లేదు."